శిస్తు వసూలు చేసేవాడే తీర్పు చెప్పిన రోజులు

మన నేల, మన సర్కారు – 9వ భాగం

కంగ్టి మండలంలో ఒక రైతుకు పక్క చేను వాడితో గట్టు తగాదా వచ్చిందనుకుందాం. కాగితాల కోసం కంగ్టి తహసీల్దారు ఆఫీసుకు పోతాడు. మాటామాటా పెరిగి చేయిచేసుకుంటే ఠాణాకు పోతాడు. హక్కు ఎవరిదో తేల్చుకోవాలంటే నారాయణఖేడ్ కోర్టులో దావా వేస్తాడు. అసలు చట్టమే బాగాలేదనుకుంటే ఓట్లప్పుడు ఊళ్లోకి వచ్చిన ఎమ్మెల్యేను ఆపి అడుగుతాడు. కాగితం రాసేది ఒకరు, తీర్పు చెప్పేది మరొకరు, చట్టం చేసేది ఇంకొకరు. ఇంతమంది చుట్టూ తిరగాల్సి వస్తున్నందుకు విసుక్కోని రైతు ఉండడు. ఆ విసుగులో న్యాయం ఉంది. కానీ ఈ పనుల్లో చాలావరకు ఒకే కచేరీలో, ఒకే అధికారి బల్ల మీద జరిగిన రోజులు మన ముత్తాతలు చూశారు. అప్పుడు దారి దగ్గరే, తిరుగుడు తక్కువే. అయినా ఆ ఏర్పాటు పోవాలని ఎందుకు కోరుకున్నారో, ఎంతవరకు పోయిందో ఈ భాగంలో చూద్దాం.

ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. నిజాం పాలన సాగిన ఆ రోజుల్లో కంగ్టి మెదక్ జిల్లాలోది కాదు. నారాయణఖేడ్ ప్రాంతం బీదర్ జిల్లా కింద, ఆ బీదర్ గుల్బర్గా సుబా కింద ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకాలో అధిక భాగం తెగి ఇటు మెదక్‌లో కలిశాయి. అప్పటిదాకా బీదర్ వైపు చూసిన జనం అప్పటినుంచి సంగారెడ్డి వైపు తిరిగారు. కంగ్టిలో తెలుగు మాటల మధ్య కన్నడం, మరాఠీ, ఉర్దూ అంత సహజంగా దొర్లడానికి ఈ చరిత్రే కారణం. మన కథ కూడా బీదర్ తాలూక్‌దారు కచేరీ నుంచే మొదలవుతుంది.

కిందటి భాగంలో హైదరాబాద్ దివాను మొదటి సాలార్ జంగ్ 1865లో తెచ్చిన జిల్లాబందీ, అంటే జిల్లాల ఏర్పాటు గురించి చెప్పుకున్నాం. అంతకుముందు తాలూక్‌దారు అంటే గుత్తేదారు లాంటివాడు. వసూలు చేసిన రూపాయిలో రెండణాలు తన ఖర్చుల కింద పట్టుకుని మిగతాది ఖజానాకు కట్టేవాడు. సాలార్ జంగ్ ఆ పద్ధతి తీసేసి, జీతం తీసుకునే ఉద్యోగులను పెట్టాడు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, ఆయన కింద దువ్వం, సువ్వం తాలూక్‌దార్లు, తాలూకాకో తహసీల్దారు. ఊళ్లో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. ఇది గొప్ప సంస్కరణ. ఈ నేలకు ఒక పాలనా యంత్రం అంటూ ఏర్పడింది అప్పుడే.

అయితే ఆ యంత్రంలో ఒక ముడి అలాగే ఉండిపోయింది. అవ్వల్ తాలూక్‌దారు జిల్లాకు రెవెన్యూ పెద్ద, జిల్లాకు పెద్ద మేజిస్ట్రేటు కూడా ఆయనే. సివిల్ దావాలు చూసే నాజిం ఒకడు ఉండేవాడు. కానీ క్రిమినల్ కేసుల్లో ఆయనకు అధికారం వచ్చేది తాలూక్‌దారు జిల్లా కేంద్రంలో లేనప్పుడు. తహసీల్దార్లకు కూడా రెండో తరగతి, మూడో తరగతి మేజిస్ట్రేటు అధికారాలు ఉండేవి. అంటే శిస్తు వసూలు చేసేవాడే శిక్ష వేసేవాడు.

దీని అర్థం ఒక రైతు వైపు నుంచి చూడండి. శిస్తు బాకీ పడ్డాడు. పట్వారీ లెక్క తప్పని అతని వాదన. జప్తుకు వచ్చిన జవానును అడ్డుకున్నాడని కేసు పెట్టారు. ఆ జవానును పంపింది తహసీల్దారు. కేసు వినేదీ తహసీల్దారే. ఆయన మంచివాడు కావచ్చు, ధర్మాత్ముడే కావచ్చు. కానీ పైనుంచి ఆయన్ని అడిగేది వసూలు ఎంతయిందని. ఎన్ని కేసుల్లో నిర్దోషిని వదిలావని అడిగేవాడు లేడు. తన మీద తానే తీర్పు చెప్పుకోమని మనిషిని కూర్చోబెట్టి, న్యాయం జరగాలని కోరుకోవడం అన్యాయం. అది రైతుకూ అన్యాయమే, ఆ అధికారికీ అన్యాయమే.

ఈ ముడి నిజాం రాజ్యంలోనే ఉందనుకోకండి. బ్రిటిష్ ఇండియా అంతటా ఇదే తీరు. అక్కడ దీని మీద వందేళ్లకు పైగా వాదం నడిచింది. ఆ వాదంలో మన తెలుగు నేలకు బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం.

1793లో బెంగాల్‌లో కార్న్‌వాలిస్ కలెక్టరు చేతిలోంచి న్యాయాధికారాన్ని తీసేసి జడ్జీలకు ఇచ్చాడు. వసూలులో రెవెన్యూ అధికారి తప్పు చేస్తే ఆ తప్పును విచారించేదీ అదే అధికారి అయినప్పుడు భూమి ఉన్నవాడికి ధీమా ఎక్కడిదని ఆయన వాదం. ఫ్రాన్స్‌లో మాంటెస్క్యూ 1748లో అచ్చు వేసిన పుస్తకంలో చట్టం చేసే అధికారం, అమలు చేసే అధికారం, తీర్పు చెప్పే అధికారం ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ మిగలదని చెప్పాడు. ఆయన రాసింది రాజుల గురించి, పార్లమెంటుల గురించి. కార్న్‌వాలిస్‌కు ఎదురైంది శిస్తు కచేరీ. మన దేశంలో ఈ సిద్ధాంతం మొదటినుంచీ మట్టిలోనే నడిచింది.

దీనికి ఎదురు నిలిచినవాడు థామస్ మన్రో. రాయలసీమలో దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, రైత్వారీకి పేరుపడి, 1827లో పత్తికొండలో కన్నుమూసినవాడు. సీమ జనం మన్రోలయ్య అని తలచుకున్న మనిషి. కోర్టులు దూరం, వాటి పద్ధతులు రైతుకు అర్థం కావు, వకీళ్ల ఖర్చు భరించలేడు, ఊళ్లు తిరిగి నేలను ఎరిగిన ఒక్క అధికారి చేతిలో అన్నీ ఉంటేనే పేదవాడికి మేలని మన్రో నమ్మకం. ఆయన పట్టుదలతోనే 1816లో మద్రాసు ప్రెసిడెన్సీలో మేజిస్ట్రేటు అధికారం జడ్జీల నుంచి కలెక్టర్లకు మారింది. బెంగాల్‌లో కూడా కాలం గడిచేకొద్దీ కార్న్‌వాలిస్ గీసిన గీత చెరిగిపోయింది.

మన్రో వాదాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఈ రోజు కూడా కంగ్టి, తడ్కల్ వైపు ఏ తండాలోనైనా అడగండి, కోర్టు అంటే ఏళ్ల తరబడి పేషీలు, బస్సు చార్జీలు, వకీలు ఫీజులు, పోయిన కూలీ దినాలు అనే చెబుతారు. తహసీల్దారు దగ్గరుంటాడు, కంటికి కనబడతాడు. కానీ మన్రో లాంటి కలెక్టరు ప్రతి జిల్లాకూ రాడు. ఒక మంచి మనిషిని చూసి కట్టిన ఏర్పాటు ఆయన తర్వాత వచ్చే వందమంది చేతుల్లో పడుతుంది. పైగా బ్రిటిష్ జిల్లాల్లో ఆ దగ్గరితనం కూడా నిలవలేదు. కలెక్టరు దౌరాకు పోతే కక్షిదారులు, సాక్షులు ఆయన డేరాల వెంట ఊరూరా తిరగాల్సి వచ్చేదన్న ఫిర్యాదు దేశమంతా వినిపించింది. రాజా రామ్మోహన్ రాయ్ ఈ రెండు అధికారాలను విడదీయమని అడిగాడు. కాంగ్రెస్ 1886లో కలకత్తా సభలోనే తీర్మానం చేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే తీర్మానం మళ్లీ మళ్లీ చేసింది. సర్కారు కదల్లేదు. కలెక్టరు ప్రతిష్ఠ తగ్గితే సామ్రాజ్యం పట్టు సడలుతుందన్న భయం వాళ్లది.

బ్రిటిష్ వాళ్లు చేయని ఆ పనిని హైదరాబాద్ సంస్థానం చేసింది.

1919లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దివాను ఒక్కడి మీద నడిచే పద్ధతి మార్చి, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌ను పెట్టాడు. దాని మొదటి అధ్యక్షుడు సర్ అలీ ఇమాం. పాట్నా ప్రాంతపు బారిస్టరు, అంతకుముందు వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా పనిచేసినవాడు. బ్రిటిష్ ఇండియాలో ఈ వాదం ఎలా నలిగిందో లోపలినుంచి చూసిన మనిషి. 1920 ఏప్రిల్‌లో మూసీ ఒడ్డున కొత్త హైకోర్టు భవనం తెరిచారు. 1921లో ఫర్మానా వెలువడింది. రెవెన్యూ అధికారుల చేతిలోని న్యాయాధికారాలు తీసి న్యాయశాఖకు అప్పగించారు. అవ్వల్ తాలూక్‌దారు కేసులు వినడం మానేశాడు. తాలూకాల్లో మున్సిఫ్‌లు, జిల్లాల్లో జడ్జీలు క్రిమినల్ కేసులు కూడా వినసాగారు. మన జనం నోట 'మున్సిఫ్ మేజిస్ట్రేటు' అని జంటగా నిలిచిపోయిన పేరు వెనక సివిల్, క్రిమినల్ రెండూ ఒక న్యాయాధికారి దగ్గరికి చేరిన ఈ మార్పు ఉంది. 1928లో హైకోర్టుకు చార్టరు కూడా ఇచ్చారు.

దేశంలో కార్యనిర్వాహక, న్యాయ శాఖలను ఇలా విడదీసిన మొదటి రాజ్యంగా హైదరాబాద్‌ను చెబుతారు. అదే సమయంలో గోదావరి జిల్లాల్లో, గుంటూరులో, కడపలో కలెక్టర్లు జిల్లా మేజిస్ట్రేట్లుగానే ఉన్నారు. మద్రాసు ప్రభుత్వం దశలవారీగా ఈ పనికి పూనుకున్నది స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో. నిజాం పాలన గురించి మనవాళ్లు రాసిన చరిత్రల్లో ఈ సంగతి చాలావాటిలో కనబడదు. ఆ పాలనలో దౌర్జన్యాలు ఉన్నాయి, వెట్టి ఉంది, రజాకార్లు ఉన్నారు. అవి ఉన్నాయి కాబట్టి ఇది జరగలేదనడానికి వీల్లేదు. జరిగినదానికి పేరు పెట్టి చెప్పడం చరిత్ర రాసేవాడి బాధ్యత.

ఇక రెండో సగం కూడా అంతే బాధ్యతగా చెప్పాలి. ఆ ఫర్మానా ఎవరి సంతకంతో వచ్చింది? నిజాం సంతకంతో. ఆయన తలుచుకుంటే మరో ఫర్మానాతో దాన్ని తీసేయగలడు. తాలూకాలో విడదీసిన అధికారాలన్నీ ఆయన ఉండే కింగ్ కోఠీలో మళ్లీ ఒక్కచోట కలిసేవి. చట్టం ఆయన మాట. కార్యనిర్వహణ ఆయన పేరుతో. ఉరిశిక్ష అమలు కావాలంటే ఆయన మంజూరు కావాలి. శాసనసభ సంగతి మరీ నామమాత్రం. 1893లో ఒక లెజిస్లేటివ్ కౌన్సిల్ పెట్టారు గానీ అందులో అధికారులదే మెజారిటీ. ఎన్నికయ్యే నలుగురైదుగురు కూడా జాగీర్దార్ల నుంచి, హైకోర్టు వకీళ్ల నుంచి వచ్చేవాళ్లు. శిస్తు కట్టే రైతు తరఫున అక్కడ నోరు విప్పేవాడు ఒక్కడూ లేడు.

చట్టసభ బలంగా లేకపోతే ఏమవుతుందో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1929లో 'గస్తీ నిషాన్ 53' వచ్చింది. గస్తీ అంటే ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగే సర్క్యులర్. ఏ సభలోనూ చర్చకు రాలేదు, ఎవరూ ఓటు వేయలేదు. ఆ ఒక్క కాగితంతో, ముందస్తు అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టుకునే వీలు రాజ్యమంతటా పోయింది. 1930 మార్చిలో మన జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది కదా, నారాయణఖేడ్‌కు ఎంతో దూరం లేని ఊరు. గ్రంథాలయాలు, బడులు, తెలుగు భాష గురించి మాట్లాడుకోవడానికి కూడా ఆ పెద్దలు సర్కారు అనుమతి కోసం నిలబడాల్సి వచ్చింది. తహసీల్దారు నుంచి మున్సిఫ్‌ను వేరుచేసిన రాజ్యం, అధికారి సర్క్యులర్ నుంచి చట్టాన్ని వేరుచేయలేదు. కోర్టు ఎంత స్వతంత్రంగా ఉన్నా దాని ముందున్న చట్టం గస్తీ అయితే జడ్జి చేయగలిగింది చాలా తక్కువ.

చట్టసభను మార్చడం కోసం 1937లో దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగార్ కమిటీ వేశారు. 1939లో సంస్కరణలు ప్రకటించారు. ఎంతో ఆలస్యంగా ఆ సంస్కరణల కింద ఎన్నికలు పెడితే స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. అలా వచ్చిన చట్టసభ వల్ల ఒరిగింది ఏమీ లేదు.

మరో పెద్ద లోపం జాగీర్లు. 1921 విభజన దివానీ ఇలాకా మాట, అంటే నేరుగా సర్కారు కింద ఉన్న ఊళ్ల మాట. రాజ్యంలో దాదాపు 30 శాతం నేల జాగీర్దార్లు, పాయిగా నవాబులు, సంస్థానాధీశుల కింద ఉండేది. మరో 10 శాతం నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్. బీదర్ జిల్లాలో హుమ్నాబాద్, చిట్గుప్ప వంటి పాయిగా ఊళ్లు పేరుపడ్డవి. పెద్ద జాగీర్లకు, పాయిగాలకు సొంత పోలీసులు, సొంత కచేరీలు, సొంత అదాలతులు. శిస్తు తీసుకునే ఇల్లు, జైలు పెట్టే ఇల్లు, తీర్పు చెప్పే ఇల్లు ఒకటే. జాగీరు కాని ఊళ్లలో కూడా దొర గడీ ముందు పంచాయితీ అయ్యాక మున్సిఫ్ కోర్టు దాకా పోయే ధైర్యం ఎంతమందికి ఉండేది? పటేల్, పట్వారీ, దొర ఒకే ఇంటివాళ్లయిన ఊరికి ఫర్మానా చేరినా దాని ఫలం చేరలేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్‌ను స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య జరిగింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరు అయ్యాడు. ఇక్కడ మన కథ ఒక కఠినమైన మలుపు తిరుగుతుంది. చట్టం చేసే అధికారం, పాలించే అధికారం రెండూ మిలిటరీ గవర్నరు చేతికి వచ్చాయి. ఆ అధికారంతోనే 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగింది. తరాలుగా జనం మీద కూర్చున్న ఒక వ్యవస్థ ఒక్క రెగ్యులేషన్‌తో పోయింది. అది చట్టసభలో చర్చకు వచ్చి ఉంటే ఎన్నేళ్లు సాగేదో! అధికారం ఒక్కచోట ఉంటే పని చకచకా అవుతుందనేవాళ్లకు ఇది గట్టి సాక్ష్యం.

అదే చేయి ఇంకో రెగ్యులేషన్ కూడా రాసింది. 1358 ఫస్లీ నాటి ఐదో నంబరు స్పెషల్ ట్రైబ్యునల్ రెగ్యులేషన్. దాని కింద ట్రైబ్యునళ్లు పెట్టారు. అందులో సభ్యులను నియమించేది మిలిటరీ గవర్నరే. తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడ్డ రైతులను, కార్యకర్తలను ఈ ట్రైబ్యునళ్ల ముందు నిలబెట్టారు. 12 మందికి ఉరిశిక్ష పడింది. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది.

తర్వాత కొన్ని వారాలకే, 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ 12 మంది తరఫున సుప్రీంకోర్టుకు పోయారు. వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం అనే పేరుతో న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదివే కేసు ఇది. హైదరాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చిన నాటికి ఆ కోర్టు భారత భూభాగంలోని కోర్టు కాదు కాబట్టి, దాని మీద అప్పీలు వినే అధికారం తమకు లేదని సుప్రీంకోర్టు అంది. పిటిషన్లు కొట్టేశారు. కొన్ని వారాల తేడాతో రాజ్యాంగం వాళ్లకు అందకుండా పోయింది. దేశంలో, విదేశాల్లో ఆందోళన జరిగాక ఆ ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చారు. ప్రాణాలు దక్కాయి. దక్కినది కోర్టు వల్ల కాదు, సర్కారు దయ వల్ల.

చట్టం రాసినవాడే సైన్యాన్ని నడిపి, జడ్జీలను కూడా తానే కూర్చోబెడితే, ఆ తీర్పు సరైనదే అయినా దాన్ని ఎవరూ నమ్మరు. ఆ 12 మంది దోషులా నిర్దోషులా అన్నది వేరే చర్చ. ఆ చర్చను తేల్చాల్సిన చోట తేల్చలేదన్నదే నా బాధ.

సరిగ్గా అదే కాలంలో ఢిల్లీలో రాజ్యాంగ సభ కూర్చుని ఉంది. పోలీసు చర్య జరిగిన రెండు నెలలకు, 1948 నవంబరు 24న అంబేడ్కర్ ఒక కొత్త అధికరణం ప్రతిపాదించాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన మూడేళ్లలోపు కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరుచేయాలని అందులో ఉంది. మర్నాడు, 25న, ఆ మూడేళ్ల గడువు తీసేశారు. రాష్ట్రాల పరిస్థితులు ఒక్కలా లేవు, కొన్ని ముందే చేయగలవు, కొన్నింటికి ఎక్కువ కాలం పడుతుందని కారణం చెప్పారు. గడువు లేని ఆ మాటే ఇప్పుడు మన రాజ్యాంగంలో 50వ అధికరణం. ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టుకు పోయి అమలు చేయించుకోలేం. ఫలితం ఏమిటంటే, దేశమంతటా ఒక పద్ధతిలో ఈ విభజన జరగడానికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కావాల్సి వచ్చింది. అది అమల్లోకి వచ్చింది 1974 ఏప్రిల్ 1న. మూడేళ్లలో కావాల్సింది 24 ఏళ్లు పట్టింది. కాంగ్రెస్ తీర్మానం నుంచి లెక్కేస్తే 88 ఏళ్లు. హైదరాబాద్ ఫర్మానా నుంచి లెక్కేస్తే 53.

ఒక్క ఏడాది ముందు, 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు కేశవానంద భారతి కేసులో ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపుగా చీలి తీర్పు ఇచ్చింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చడానికి వీల్లేదని ఆ ఏడుగురు అన్నారు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల మధ్య అధికార విభజన ఆ స్వరూపంలో భాగమని ప్రధాన న్యాయమూర్తి సిక్రీ రాశాడు. ఆ ఏడుగురిలో మన హైదరాబాద్ వాడు జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి ఉన్నాడు. నిజాం కాలపు హైదరాబాద్ న్యాయశాఖలో పనిచేసి పైకి వచ్చినవాడు. ఆ తీర్పు కథ పెద్దది, దానికి వేరే భాగం కేటాయిద్దాం.

ఇప్పుడు మళ్లీ కంగ్టికి వద్దాం. మండలాల పద్ధతి వచ్చాక ఇక్కడ ఏర్పడ్డ మండల ఆఫీసులో కూర్చునే తహసీల్దారుకు ఈ రోజు కూడా ఇంకో హోదా ఉంది. ఆయన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. 1974 తర్వాత కూడా, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కింద కూడా, ఆ హోదా నిలిచింది. గుడుంబా కాచేవాళ్లను, ఎన్నికల ముందు గొడవ చేస్తారనుకున్నవాళ్లను తెచ్చి 'బైండోవర్' చేసేది తహసీల్దారు ముందే. మంచిగా ఉంటామని ముచ్చల్కా, అంటే పూచీకత్తు పత్రం రాయించుకుంటారు. అనుమానాస్పద మరణం జరిగితే కొన్ని సందర్భాల్లో పంచనామాకు ఆయనే వస్తారు. ఇది నేరం జరగకుండా ఆపే పని, శిక్ష వేసే పని కాదు కాబట్టి కార్యనిర్వాహక అధికారికి వదిలారు. అందులో కొంత అర్థం ఉంది. కానీ పూచీకత్తు ఇవ్వలేని పేదవాడు లోపలికి పోతే అతనికి మాత్రం అది శిక్షే.

భూమి సంగతి ఇంకా సూటిగా తగులుతుంది. కంగ్టిలో తగాదాల్లో ఎక్కువ భాగం సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ వంటి పాత భూమి రికార్డుల దగ్గర, సర్వే నంబరులో తేడా దగ్గర మొదలవుతాయి. చాలాకాలం రికార్డు రాసే రెవెన్యూ శాఖే ఆ రికార్డు మీద తగాదానూ వినేది. తహసీల్దారు మీద ఆర్డీవో, ఆ పైన జాయింట్ కలెక్టరు. తెలంగాణ తెచ్చిన 2020 నాటి భూమి హక్కుల చట్టంతో రెవెన్యూ కోర్టులను రద్దు చేశారు. ఆ మాట వినగానే 1921 గుర్తొచ్చి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. పెండింగులో ఉన్న వేల కేసులు తేల్చడానికి స్పెషల్ ట్రైబ్యునళ్లు పెట్టారు. వాటికి మళ్లీ కలెక్టర్లే పెద్దలు. వాదన వినకుండానే తేల్చేశారని కక్షిదారులు హైకోర్టుకు పోతే, 2021లో హైకోర్టు కలగజేసుకుని, కోరినవాళ్ల వాదన వినాల్సిందేనంది. ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డులో తప్పు దిద్దుకోవాలన్నా సివిల్ కోర్టుకే పోవాల్సిన పరిస్థితిలో చిన్న రైతు నలిగాడు. 2025 ఏప్రిల్ నుంచి భూభారతి చట్టం వచ్చి, ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే దారి తిరిగి తెరిచింది. దగ్గరి దారి దొరికిందని రైతు ఊపిరి పీల్చుకున్నాడు. మన్రో ఈ మాట వింటే తానన్నదే నిజమైందని అనేవాడు.

నా అభిప్రాయం దాచుకోను. రైతుకు దగ్గరి దారి కావాల్సిందే. ఆ దారి చివర కూర్చునేది రికార్డు రాసిన శాఖ మనిషి కాకూడదు. నారాయణఖేడ్‌లో జడ్జి ఉన్నాడు. ఆ జడ్జి భూమి కేసుల కోసం నెలకోసారి కంగ్టికి వచ్చి కూర్చునే ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. కోర్టు రైతు దగ్గరికి రాదు కాబట్టి న్యాయాన్ని రెవెన్యూకు అప్పగించడం 1816 నాటి జవాబు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనకు అదే జవాబు ఉండటం నాకు సమ్మతం కాదు. నిజాం అధికారాలను కింద విడదీసి పైన కలిపి ఉంచుకున్నాడు. మనం పైన విడదీశాం, మౌలిక స్వరూపమని ముద్ర కూడా వేశాం. కింద, రైతుకు తగిలే చోట, ఆ పని సగంలోనే ఉంది.

చివరగా ఈ ప్రాంతపు పాఠకులకు ఒక విన్నపం. కంగ్టి, నారాయణఖేడ్, మనూరు, కల్హేర్ వైపు పాత ఇళ్లలో ఉర్దూలో రాసిన కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. అర్థం కావని చాలామంది చెదలకు వదిలేస్తున్నారు. అలాంటి కాగితం ఒకటి చేతికి వస్తే ముందు పైభాగం చూడండి. ఏ కచేరీ పేరుంది, తహసీలా, అదాలతా? తర్వాత ఏడాది చూడండి. అది ఫస్లీలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కాకపోతే ఫస్లీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది కాబట్టి జనవరి ఒకటి నుంచి ఆ ఫస్లీ ఏడాది చివరిదాకా ఉన్న తేదీలకు 591 కలపాలి. 1331 ఫస్లీ అంటే 1921 అక్టోబరు నుంచి 1922 అక్టోబరు దాకా. ఆ ఏడాదికి ముందు మీ ఊరి కేసు తహసీల్ కచేరీలో తేలి, తర్వాత కేసు అదాలత్‌లో తేలి ఉంటే, ఈ వ్యాసంలో చెప్పిన మార్పుకు మీ ఇంటి కాగితమే సాక్ష్యం. మీ ఊరు జాగీరులో ఉండి ఆ తర్వాత కూడా జాగీర్దారు ముద్రే కనబడితే అది ఇంకా విలువైన సాక్ష్యం. ఉర్దూ చదివే పెద్దలు ఊళ్లో ఉన్నప్పుడే చదివించి, తెలుగులో రాసి పెట్టుకోండి. దాచే వీలు లేకపోతే పారేయకండి, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్లకు చూపించండి.